వానలెక్క, గొర్రు, మగ్గం: పడమటి కర్నూలుకు కావలసిన మ్యూజియం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి ఒక మ్యూజియం కావాలంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది: తాగునీటికే కటకటలాడే చోట, ఏటా కుటుంబాలకు కుటుంబాలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయే చోట, మ్యూజియం ఎవరి కోసం? న్యాయమైన ప్రశ్న. ఈ ఉపన్యాసమంతా దానికి జవాబే.

మ్యూజియం అనగానే రాజుల కత్తులు, విరిగిన విగ్రహాలు గుర్తొస్తాయి. ఆదోని కోటకూ, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదుకూ చరిత్రలో చోటు ఉండనే ఉంది. వాటి గురించి చెప్పేవారూ ఉన్నారు. నేను మాట్లాడేది వేరే సంగతి. 2022 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ మ్యూజియాల మండలి, మ్యూజియం నిర్వచనంలోనే సుస్థిరతను చేర్చింది. హాంకాంగ్‌లో ఒక విశ్వవిద్యాలయం 2013లోనే వాతావరణ మార్పు కోసం ప్రత్యేకంగా మ్యూజియం తెరిచి, ధ్రువ ప్రాంతాల నుంచి తెచ్చిన వస్తువులను అందులో ఉంచింది. అక్కడికవి తగినవే. కానీ కరిగే మంచు బొమ్మ కౌతాళం రైతుకు జాలి కలిగిస్తుందేమో గాని చేయవలసిన పని చూపదు. తన చేను, తన కాలువ, తన మగ్గం చెప్పే సాక్ష్యం కళ్లముందుంటే అతను అధికారులను లెక్క అడగగలడు. ఒక ప్రాంతపు నీటికీ విత్తనానికీ పనిముట్లకూ సంబంధించిన ఆధారాలను ఆ ప్రాంతంలోనే, జనానికి అందేలా ఉంచడమే వాతావరణం విషయంలో మ్యూజియం చేయగల అసలు మేలని నా వాదన. అలా ఉంచకపోతే ఏమవుతుందో చూడండి: భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ దక్షిణాదిన ఏరిన ఆదిమానవుల రాతి పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. పండితులకు అది మేలే. ఈ సీమ పిల్లలకు మాత్రం అవి దూరమయ్యాయి.

ఆధారాలకు మనకు కొదవ లేదు. 1876-78 నాటి ధాతు కరువునే చూడండి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు, అప్పట్లో ఆదోని ఉన్న బళ్లారి జిల్లాలో ఐదో వంతు జనం తగ్గిపోయారు. వాన కురవకపోవడం ఒక్కటే కారణమని సరిపెట్టుకోలేం. మద్రాసు–బొంబాయి రైలుమార్గం 1871 నాటికే ఆదోని మీదుగా పూర్తయింది. ధాన్యం కదలడానికి దారి ఉంది, కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. 1877లో కరువు పర్యవేక్షణకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణాకు కుదించాడు. పౌనంటే అరకిలో కూడా రాదు. ఆ ధాన్యాన్ని ఒక గిన్నెలో పోసి, ఆ జనాభా పట్టిక పక్కన పెట్టి చూపించండి. వానలు తప్పిన ఏట మనుషుల ప్రాణాలు నిలిచేదీ పోయేదీ పాలకుల నిర్ణయాల మీదనే అని బడిపిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

ఆ పక్కన తుంగభద్ర ఉండాలి. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక వల్ల సుమారు 105కు దిగింది. దిగువ కాలువ చివరి ఊళ్లకు నీరందకపోవడానికి ఇదీ ఒక కారణమే. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ జలాశయం 19వ గేటు కొట్టుకుపోయింది. 2009 అక్టోబరులో అదే నది మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచింది. కరువు, వరద ఒకే నది ఒడ్డున జరిగిన సంగతులు గనుక ఒకే గదిలో కనబడాలి.

ఇక పనిముట్లు. రేగడి నేలలో విత్తే గొర్రును దగ్గరగా చూడండి. పైన చెక్కను తొలిచి చేసిన గిన్నె, జడ్డిగం. దాని అడుగున రంధ్రాలు, వాటి నుంచి దిగే వెదురు గొట్టాలు, కింద కర్రులు. విత్తే మనిషి పిడికిలిలోంచి జారిన గింజ చాళ్లన్నింట్లో సమానంగా, తేమ ఉన్న లోతులో పడుతుంది. ఈ నేలలో కొర్రతో కలిపి ముంగారి పత్తి వేసేవారు. ఒకటి పోయినా ఒకటి చేతికొచ్చేది. ఆ దేశవాళీ పత్తి వేరు లోతుకు దిగి ఎండకు నిలిచేది. పింజ పొట్టిది కావడంతో మిల్లులకు నచ్చక వెనకబడింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఏటా విత్తనం కొనక తప్పని సేద్యం స్థిరపడింది. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బోరాలతో వచ్చే రైతుకు ఈ రెండు విత్తనాల చరిత్ర, ఖర్చు, దిగుబడి ఎదురెదురుగా చూపే చోటు ఒక్కటైనా ఉండవద్దా?

ఇక మగ్గం. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం నెలకొల్పారు. చేమగ్గం నడవడానికి కరెంటు అక్కర్లేదు. అయితే నూలు మిల్లు నుంచి వస్తుంది, అద్దకం నీళ్లు ఎక్కడికో పారతాయి. అవీ దాచకుండా చూపాలి.

పాత జ్ఞానమంతా గొప్పదైతే ధాతు కరువులో ఎందుకు ఆదుకోలేదని అడగవచ్చు. నిజం, ఆదుకోలేదు. ఖాళీ అయిన జొన్న పాతరను కూడా చూపించే మ్యూజియమే నాకు కావాలి. గొర్రును పూజించమనడం లేదు, పరీక్షించమంటున్నాను. ఏసీల ఖర్చు, కరెంటు సంగతేమిటన్నది మరో అభ్యంతరం. పెద్ద మ్యూజియాలే 2014 నుంచి 16–25 డిగ్రీల వేడి, 40–60 శాతం తేమ మధ్య వెసులుబాటుకు ఒప్పుకుంటున్నాయి. కర్ర, ఇనుము, మట్టి పాత్రలు మన ఎండలోనే పుట్టి పెరిగాయి. కాగితాలకూ గుడ్డలకూ ఒక్క చిన్న గది చాలు. మిగతాదంతా మందపాటి రాతి గోడలు, చౌడు మట్టి పరిచిన మిద్దె, గాలికీ వెలుతురుకూ గవాక్షం ఉన్న పాత ఇంట్లో పెట్టవచ్చు. ఆ ఇల్లే మొదటి ప్రదర్శన వస్తువవుతుంది.

నీళ్లు ముందా, మ్యూజియం ముందా అంటే నీళ్లే ముందు. నీళ్ల కోసం వాదించేవాడికి ఆధారం కావాలి గనుకే ఈ మ్యూజియం. మార్కెట్ కమిటీ, మునిసిపాలిటీ, నేత సంఘం కలిసి వాడకుండా పడివున్న ఒక గోదామునో మిద్దెనో ఇవ్వాలని కోరుతున్నాను. మీ ఇళ్ల అటకల మీద గొర్రు, గుంటక, పాత కరణం లెక్కలు ఉంటే పొయ్యిలో పెట్టకండి, తూకానికి అమ్మకండి. వాటిని వాడిన పెద్దల మాట ఈ ఏడే రాసిపెట్టండి.