పల్లెకును విశ్వవిద్యాలయమునకును ఒకే గ్రంథము
(జడ్చర్ల వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారి యాజ్ఞ. మన సభలలో విద్యయనగా వసతిగృహములు, విద్యార్థివేతనములు, ఉద్యోగములు. అవి యవసరములే. నేను మాత్రము చదువుటనుగూర్చియే చెప్పెదను. పరీక్ష యను భయము లేక, పదిమంది గూడి యొక పుస్తకమును చదువుట నా విషయము.

ఇది మనకు క్రొత్త గాదు. గుడి యరుగుమీద నొకరు పురాణము చదువగా నింకొక రర్థము చెప్పుటయు, అక్షరము రానివారును విని శంకలడుగుటయు మన పల్లెల కలవాటే. అమెరికాలోని సియాటిల్ నగరమున 1998లో ఊరివారందఱు నొకే గ్రంథమును చదివి చర్చించు పద్ధతి నారంభించిరి. పిమ్మట నది పెక్కు నగరములకును, విశ్వవిద్యాలయములకును వ్యాపించెను. వారు దానికొక పేరు పెట్టిరి. మన యరుగునకు పేరు పెట్టువారు లేకపోయిరి, అంతియే భేదము.

తెలంగాణమున తెలుగు చదువు సుఖముగా వచ్చినది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన యుర్దూలో జరిగెను గావున తెలుగు పల్లెకు విద్యాపీఠము వేఱొక లోకమై యుండెను. 1943లో నేర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు పాఠ్యగ్రంథములను నిర్ణయించి పరీక్షలు నడపగా, కళాశాల మొగము చూడనివారును కావ్యములు చదివిరి. ఆ పద్ధతిలో నాకు నచ్చనిది పరీక్ష యొక్కటే. అది ముగిసిన పిమ్మట పుస్తకము అటుక యెక్కును.

2008లో పాలమూరు విశ్వవిద్యాలయము మహబూబునగరమున వెలసినది. జడ్చర్లకు దారి దగ్గఱయే. చదువు మాత్రము దగ్గఱ కాలేదు. మన పిల్లలచట చదివిన దింటివా రెఱుగరు. ఇంటివా రెఱిగినది ఆచార్యు లెఱుగరు.

కావున నేటేట నొక గ్రంథమును విశ్వవిద్యాలయము వారును, చుట్టుపట్ల గ్రామములవారును ఏకకాలమున చదువవలెనని నా మనవి. తొలియేటికి సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను సూచించుచున్నాను. ఆయన 1896లో ఈ పాలమూరు సీమలోనే జనించిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’యందు 354 మంది కవులను జూపి బదులు చెప్పిరి. సాంఘిక చరిత్ర 1949లో వెలువడి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును బడసెను. ఇటీవల హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. సంతోషమే. పేరు పెట్టినవారిలో పుస్తకము విప్పిన వారెందఱో యని నా సందేహము.

ఆ గ్రంథమున రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, కట్టుబట్ట, ఆటలు, నగలు, వృత్తులు ప్రధానములు. వానిని ఆయన కావ్యములనుండి యేరి కూర్చిరి. అట్టి మాటలలో కొన్నిటి యర్థము నిఘంటువున దొరకదు; మగ్గముకడనో, కుమ్మరి సారెకడనో, కొలిమికడనో దొరకవచ్చును. ఇచట పల్లెవాడు శిష్యుడు గాడు, గురువు. సంస్కృతము చదివిన నాకును కొలిమి పనిముట్ల పేర్లు కమ్మరి చెప్పవలసినదే.

ఈ పఠనము మన కులపు యువకులకే పరిమితము కావలెనని కొందఱి యభిప్రాయము. నే నంగీకరింపను. మనమే కూర్చుండి చదివినచో సగము మాటలకు సాక్షులు లేకపోవుదురు. 1918లో స్థాపింపబడిన రెడ్డి హాస్టలు ఒక కులము పేర వెలసినదే. దానికి కార్యదర్శియై ప్రతాపరెడ్డిగారు గ్రంథాలయమును పెంచిరి. అట్టి సంస్థలో నుండియు ఆయన వ్రాసినది కులచరిత్ర గాదు, ఆంధ్రులందఱి చరిత్ర. మన ధనముతో కొన్న పుస్తకమును పరకులమువాడు ముట్టిన నరిగిపోవునా?

తొలుత కాకతీయుల కాలపు ప్రకరణమును చదువుదము. చదువరి యొకడు బిగ్గరగా చదువవలెను. తెలియని పదములను మఱియొకడు వ్రాసికొనవలెను. స్త్రీలకు రాత్రివేళ వీలుపడదు గావున వారికి మధ్యాహ్నము వేఱుగా నేర్పఱుపవలెను. పదముల పట్టికను విశ్వవిద్యాలయమునకు పంపుదము. ఆచార్యులు తమకు తెలిసినవి పూరించి, తెలియనివి గుర్తించి త్రిప్పి పంపవలెను. నా వంతుగా నాలుగు ప్రతులను తెచ్చితిని. కోశాధికారిగారు వానిని నేడే లెక్కలో వ్రాసికొని రసీదు నిత్తురుగాక.