శాంతమహాసముద్ర ద్వీపములు - ఫిజీలోని మనవారు



నస్పూరునకు సముద్రము మిక్కిలి దూరము. మనకు గోదావరియే పెద్దనీరు. కాని భూగోళమున ఇంచుమించు మూడవవంతు ఒక్క శాంతమహాసముద్రమే ఆక్రమించియున్నది. లోకములోని నేలనంతయు అందు పరచినను ఇంకను నీరు మిగులును.

అందు వేలకొలది దీవులు కలవు. మెలనీసియా, మైక్రోనీసియా, పాలినీసియా యని వానిని మూడు భాగములుగా చెప్పుదురు. కొన్ని అగ్నిపర్వతములవలన పుట్టినవి. వానియందు కొండలు, అడవులు, సెలయేళ్లు కలవు. కొన్ని పగడపు పురుగుల గూళ్లు పేరుకొని యేర్పడినవి. నడుమ ఉప్పుమడుగు, చుట్టును ఇసుకనేల, కొబ్బరిచెట్లు. అచ్చటి పూర్వులు నక్షత్రములను, అలల పోకను, పక్షులను గురుతుపట్టి పడవలు నడపిరి. మనకు అడ్డమని తోచు సముద్రమే వారికి బాట.

వీనిలో ఫిజీ మనకు చుట్టరికము గలది. అందు మున్నూటికి పైగా దీవులున్నవి. మూడవవంతు దీవులయందే జనులు నివసింతురు. 1874లో అది ఆంగ్లేయుల వశమయ్యెను. చెరకుతోటల పనికై 1879 మొదలు కలకత్తానుండియు, 1903 మొదలు మద్రాసునుండియు ఓడలపై కూలీలను కొనిపోయిరి. విశాఖపట్టణము మొదలగు జిల్లాల తెలుగువారును అందుండిరి. ఐదేండ్ల ఒప్పందము, దానినే వారు ‘గిర్మిట్’ అనిరి. 1916లో కడపటి ఓడ చేరునాటికి అట్లు పోయినవారు అరువదివేలకు పైబడిరి. 1920 జనవరి 1న ఆ ఒప్పందములన్నియు రద్దయ్యెను.

మన బొగ్గుగనులకును పరయూళ్లనుండి కూలీలు వచ్చిరి. వారు పండుగకు రైలెక్కి యిల్లు చేరగలిగిరి. ఫిజీ పోయినవారికి ఉచితముగా తిరిగివచ్చు హక్కు పదియేండ్లకు గాని లేదు. అనేకులు అచ్చటనే నిలిచిపోయిరి. 1941లో తమ భాషకై ఆంధ్రసంఘమును స్థాపించుకొనిరి. అయినను వారి సంతతివారు నేడు ఇండ్లలో సాధారణముగా ఫిజీ హిందీనే మాటాడుచున్నారు.

మే మొదలు అక్టోబరు వరకు అచ్చట వానలు తక్కువ; యాత్రకు అదియే తగిన కాలము. పిమ్మట తుపానుల భయము కలదు. పల్లెకు పోవు అతిథి ‘యంగోనా’ వేరును పెద్దకు సమర్పించి, అనుమతి పొంది ప్రవేశించుట అచ్చటి మర్యాద. పెద్దలను గౌరవించు ఈ యాచారము మీకు క్రొత్తగా తోచదు.

మీ బిడ్డలు విహారార్థమై అచ్చటికి పోవుదురేని, తెల్లని యిసుకతీరములతో తృప్తిపడక చెరకుచేలను కూడ చూచిరండని చెప్పుడు. అచ్చట హిందీ మాటాడువారిని, “మీ పూర్వులది ఏ యూరు?” అని తప్పక అడుగుమనుడు. ఆ ప్రశ్న వేయవలసినవారము మనమే.