బోదకాలు: కట్టుకయ్యే ఖర్చు

బోదకాలుకు మందు వెల ఎంతని అడిగేవారున్నారు గాని, కట్టుకెంత అని అడిగేవారు అరుదు. నిజానికి డబ్బంతా కట్టుకే అవుతున్నది.

క్యూలెక్సు దోమ మోసుకొనివచ్చే ఫైలేరియా క్రిములకు మాత్రలున్నవి. మనదేశంలో 1955లోనే నివారణ కార్యక్రమం ఆరంభమైనది. 2004 నుండి ఊరూరా మాత్రలు మింగించే పద్ధతి వచ్చినది. అవి ఉచితమే. అయితే ఆ మాత్రలు రోగవ్యాప్తిని ఆపగలవే గాని, ఏళ్ల తరబడి వాచియున్న కాలును మామూలు చేయలేవు.

ఆ కాలుకు కావలసినది వేరు. తెలిసినవారు చర్మాన్ని మెల్లగా నిమిరి, నిలిచిన నీటిని పైకి మళ్లించాలి. ఆపైన మెత్తని దూదిపొర పరచి, సాగుదల తక్కువైన పట్టీలను పాదం నుండి మోకాలిదాకా పొరలుగా చుట్టాలి. ఒక్కొక్కరికి సుమారు గంట పడుతుంది. మొదట కొన్ని వారాలు దాదాపు రోజూ ఇది జరగాలి. ఆసుపత్రిలో చేరనక్కరలేదు, వచ్చిపోవచ్చునంటారు. చిక్కంతా ఆ వచ్చిపోవడంలోనే ఉన్నది.

చికిత్స చేసేవారి పక్షం ముందు చూద్దాము. కట్టు కట్టే మనిషి దినమంతా శ్రమించినా ఆరేడుగురిని మించి చూడలేడు. అతని జీతం, గది అద్దె, పట్టీల వెల ఆ ఆరేడుగురిమీదే పడాలి. పట్టీలు ఉతికి మళ్లీ వాడవచ్చును గాని, బిగువు సడలితే మార్చవలసినదే. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరినవారికోసం ఏర్పడినది; ఇలా వచ్చిపోయేవారికి అక్కరకు రాదు. ఈ పనికి పూనుకొనని వైద్యులను మేము తప్పుపట్టలేము.

ఇక రోగి మాట. ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం రైలుమార్గంలోని ఊరే, అది చిన్న సౌకర్యం కాదు. అయినా మిరపకాయ కోతలవేళ కూలిమనిషి ఖమ్మమో విజయవాడో పోయిరావాలంటే, టిక్కెట్టుకంటె పోయిన కూలే బరువు. తోడు వెళితే ఇద్దరి కూలి పోయినట్లే. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ఏర్పరచి, 2019లో దానిని 2,016 చేసినది. నెలలో ఇరవైమార్లు తిరిగితే, ఆ మొత్తం పూటకు నూరు రూపాయలు. ఇంటి బియ్యమూ అందులోనే రావాలిగదా!

కనుక రోగిని పట్నానికి రప్పించడంకంటె, కట్టే విద్యను ఊరికి పంపడమే చవుక అని మాకు తోస్తున్నది. ఊరి ఆరోగ్య కార్యకర్తకూ, ఇంట్లో ఒకరికీ నేర్పితే ఆ ఖర్చు ఒక్కమారుతో పోతుంది. పుండో జ్వరమో ఉన్నప్పుడు బిగించి కట్టరాదని కూడ నేర్పాలి.

అంతదాకా సబ్బూ నీళ్లూ ఉన్నవి. రోజూ కాలు కడిగి, వేళ్లసందులు తడిలేకుండ ఒత్తి, కూర్చున్నప్పుడు ఎత్తుమీద పెట్టుకొంటే జ్వరపు పోట్లు తగ్గుతవి. ఒక్కొక్క పోటు మనిషిని కొన్నాళ్లు మంచాన పడవేస్తుంది. ఆ నాళ్ల కూలి మిగులుతుంది. కాలు తుడిచే తువాలు మాత్రం వేరుగా ఉంచుకోవాలి.