తల దిమ్ముగా ఉందా? చైనా సంప్రదాయ వైద్యం చెప్పేది, మీరు చేయవలసినది



“డాక్టరుగారూ, నాన్నకు తల దిమ్ముగా ఉంటోందట. మాట గుర్తుకు రావడం లేదు, ఏమీ తోచడం లేదు” అని మీలో చాలామంది చెబుతుంటారు. ఇది జబ్బు పేరు కాదు. లోపల ఏదో సరిగా లేదని తెలిపే గుర్తు. దీనిని చైనా సంప్రదాయ వైద్యం ఎలా అర్థం చేసుకున్నదో ఈ రోజు తెలుసుకుందాం.

దాదాపు 2000 సంవత్సరాల నాటి ‘హువాంగ్‌డి నైజింగ్’ ఆ వైద్యానికి మూలగ్రంథం. ఆ వైద్యులు మనసు మసకబారడానికి ముఖ్యంగా మూడు కారణాలు చెబుతారు.

మొదటిది తేమ. తిన్నదానిని శక్తిగా మార్చే పని ప్లీహానిదని వారి నమ్మకం. అది బలహీనపడితే శరీరంలో తేమ చేరి, కఫమై, తడిగుడ్డ చుట్టినట్టు తల బరువెక్కుతుందంటారు. అతిగా ఆలోచిస్తే ప్లీహం దెబ్బతింటుందని కూడా చెబుతారు.

రెండవది రక్తం చాలకపోవడం. శ్రమ, దిగులు, నిద్రలేమి వలన హృదయానికి పోషణ తగ్గి మనసు నిలకడ తప్పుతుందంటారు.

మూడవది వయసు. మూత్రపిండాలలోని సారమే మెదడును నింపుతుందనీ, ముసలితనంలో అది తరుగుతుందనీ వారి భావన.

ఇవి ఆనాటి ఊహలు. మన పరీక్షలలో కనిపించేవి కావు. అయినా వారు అడిగే ప్రశ్నలు మంచివి. ఎప్పటినుండి ఉంది? తిన్న తరువాత ఎక్కువవుతోందా? నిద్ర పడుతోందా? మనసులో దిగులేమైనా ఉందా? ఈ జవాబులు కాగితం మీద వ్రాసుకుని రండి. మాకు ఎంతో సాయపడతాయి.

అయితే నాలుక, నాడి చూసినంత మాత్రాన థైరాయిడ్ లోపం, బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం వంటివి తేలవు. వాటికి రక్తపరీక్ష కావాలి. నిద్రమాత్రల వలన, మూత్రంలో ఇన్ఫెక్షన్ వలన కూడా పెద్దవారు అయోమయంలో పడతారు.

మూలికలన్నీ హాని లేనివి అనుకోకండి. మన ఇళ్ళలో పిల్లలకు మాటలు రావాలని వస నాకిస్తారు కదా! చైనా వైద్యులు మనసు తేటపడడానికి వాడే షిచాంగ్‌పు, వసకు దగ్గరి జాతి మొక్క. వసలోని ఒక రసాయనం హానికరమని 1968లో అమెరికా దానిని ఆహారంలో వాడరాదని నిషేధించింది. 1990ల ఆరంభంలో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికల మాత్రలు వాడిన వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డాన్‌షెన్ అనే మూలిక వార్ఫరిన్ మాత్రతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. కాబట్టి ఇంట్లో వాడే ప్రతి పొడి, మాత్ర, కషాయం పొట్లంతో సహా తెచ్చి చూపండి. మేము కోప్పడము.

చివరగా, ముఖ్యమైన మాట. నిన్నటివరకు బాగున్న మనిషి ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడితే, మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, అదేపనిగా మగతగా ఉంటే, మూతి వంకర పోతే, చెయ్యి పడిపోతే “వయసు కదా” అని ఊరుకోకండి. తలకు దెబ్బ తగిలి కొన్ని వారాలైనా సరే, ఆ సంగతి చెప్పండి. షుగరు మందులు వాడేవారైతే, మెలకువగా ఉండి మింగగలిగితేనే చక్కెర నీళ్ళు పట్టండి. మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

మెల్లగా వచ్చిన దిమ్ముకు ప్రశ్నలు, పరీక్షలు. అకస్మాత్తుగా వచ్చిన అయోమయానికి ఆసుపత్రి. ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.