పరదేశ యాత్రయు వీసా పత్రమును
(టేక్మాల్ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములలో కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము వేఱు. గల్ఫు దేశములకు కష్టము చేయబోయినవారు గల పల్లెలు మన మెతుకుసీమలో అనేకము. కుమారుని చూచుటకో, కూఁతురి పురిటికో అమెరికా వెళ్లివచ్చు తల్లిదండ్రులును నేడు పల్లెలలో కలరు. వీరందఱి చేతికిని ఒక పత్రము వచ్చును. దానిని చదివి తెలిసికొన్నవాడు సుఖముగా పోయి సుఖముగా వచ్చును. చదువక ఇతరుని నోటిమాట నమ్మినవాడు చిక్కులపాలగును. చదువుట నేర్పునది గ్రంథాలయము గనుక వీసా పత్రమును గూర్చిన ముచ్చట ఈ సభకు తగియే యున్నది.

ఈ పత్రములు తెల్లదొరలు తెచ్చిన క్రొత్త పద్ధతి యని పలువురి తలంపు. అది సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి కలడు. ఒక మాషము రుసుము గైకొని అతడు ముద్ర నిచ్చును. ముద్ర గలవాడే జనపదమును ప్రవేశించుటకుగాని విడుచుటకుగాని అర్హుడు. ముద్ర లేక తిరిగిన దేశీయునకు పండ్రెండు పణముల దండన. దొంగముద్రతో దొరకిన వానికి అంతకు మించిన దండన. మహాభారతమున వనపర్వములో, సాల్వుడు ద్వారకపై దండెత్తిన సమయమున, ముద్ర లేనివా డెవడును పురమును వెడలుటకుగాని చొచ్చుటకుగాని వీలులేకుండ కట్టడి చేసిరని చెప్పబడినది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున పంచమాంకములో, ముద్ర లేక శిబిరము దాటబోయిన సిద్ధార్థకుడు పట్టువడుటతోనే కథ మలుపు తిరుగును. కావున నేటి విమానాశ్రయమున అధికారి వేయు ముద్రకు మన వాఙ్మయమున ముత్తాతలు కలరు.

వీనికన్న రమ్యమైనది సుందరకాండము. లంకాద్వారమున లంకాధిదేవత హనుమంతుని నిలిపి, నీ వెవడవు, ఏ పనికి వచ్చితివని ప్రశ్నించినది. ఆతడు, ఈ నగరమును, ఇచ్చటి వనములను, ఉపవనములను, భవనములను చూడవచ్చితిని, చూచి వచ్చిన త్రోవనే మరలిపోవుదునని బదులు చెప్పెను. నేడు ఏ దేశపు కాన్సులేటులోనైనను సందర్శకుని అడుగు ప్రశ్నలు ఇవియే: ఎవడవు, ఎందులకు, ఎప్పుడు మరలుదువు. అయితే ఆంజనేయుని మనసులో అసలు కార్యము వేఱు. అది రామకార్యము గనుక చెల్లినది. దూతకు చెల్లినది కూలికి చెల్లదు. చూచుటకు వచ్చితినని చెప్పి కొలువు చేయబోవు సామాన్యుని కాపాడుటకు వాలము లేదు, సముద్రమును మరల దాటగల బలమును లేదు. ఈ ప్రసంగమున ముఖ్యముగా గ్రహింపదగిన సంగతి ఇదియే.

చరిత్రను కొంచెము చూతము. ఒకప్పుడు విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారు వేలకొలదిగా రంగూనుకు ఓడలలో పోయి నౌకాశ్రయములందును, బియ్యపు మరలందును పనిచేసిరి. బర్మా అప్పుడు బ్రిటిషిండియాలో భాగము. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా వేఱుపడినది. సముద్రము అదే, ఓడ అదే, కూలి అదే. గీటు ఒకటి పడినందున స్వదేశ ప్రయాణము పరదేశ ప్రయాణమైనది. గీటునకు ఆవల నున్నవాని అనుమతి పత్రమునకే వీసా యని పేరు.

పాస్‌పోర్టు వేఱు, వీసా వేఱు. మొదటిది మన ప్రభుత్వ మిచ్చునది. ఈతడు మా పౌరుడని అది సాక్ష్యము చెప్పును. విదేశయానము పౌరుని స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ యేడే పాస్‌పోర్టుల చట్టము వెలసినది. 2017 నుండి తపాలా కార్యాలయములందును పాస్‌పోర్టు సేవాకేంద్రములు తెఱచుచుండుటచే పల్లెవానికి పట్టణ ప్రయాణము కొంత తగ్గినది. వీసా అట్టిది కాదు. అది పరదేశమువారి అనుగ్రహము. ఇయ్యవచ్చును, నిరాకరింపవచ్చును. నిరాకరించినను కట్టిన రుసుము సామాన్యముగా తిరిగి రాదు.

వీసాలో మూడు గడులను విడివిడిగా చదువవలెను. మొదటిది ఏ పనికి అనునది. రెండవది ఏ తేదీలోపల ప్రవేశింపవలెను అనునది. మూడవది ప్రవేశించినపిదప ఎన్ని దినము లుండవచ్చును అనునది. పహాణీలో పట్టాదారు గడి వేఱు, అనుభవదారు గడి వేఱు. ఒకదానిని చూచి రెండవది అదే యనుకొన్నవాడు కోర్టు మెట్లెక్కును. వీసాయును అంతే. అమెరికా సందర్శక వీసా భారతీయులకు పదేండ్ల గడువుతో వచ్చుట కలదు. పదేండ్లు అచ్చట నుండవచ్చునని దాని కర్థము కాదు. ఆ గడువులో పోయి ద్వారమున అనుమతి నడుగవచ్చునని మాత్రమే అర్థము. ఎన్నాళ్లుండవలెనో విమానము దిగిన చోటి అధికారి నిర్ణయించును. సాధారణముగా ఆఱుమాసములు. ఐ-94 అను లెక్కలో వ్రాయబడిన తేదీయే ప్రమాణము. ఆ తేదీ మీఱి నూటయెనుబది దినములకు పైగా నిలిచి వెడలినవానికి మూడేండ్లును, సంవత్సరము మీఱి నిలిచినవానికి పదేండ్లును పునఃప్రవేశము లేదని 1996 నాటి వారి చట్టము.

మన ప్రాంతమువారికి ఈ వీసాకై అమెరికా కాన్సులేటు 2008లో హైదరాబాదున తెఱవబడినది. బేగంపేటలోని పైగా ప్యాలెసునుండి 2023లో అది నానక్‌రామ్‌గూడకు మాఱినది. వారి చట్టము ఒక విచిత్రమైన సూత్రముతో ఆరంభించును: వచ్చినవాడు తిరిగిపోడనియే అధికారి మొదట భావింపవలెను, పోవునని నిరూపించు భారము దరఖాస్తుదారునిది. కావున భూమి, ఇల్లు, ఉద్యోగము, కుటుంబము, వీనిలో ఏది తన్ను స్వగ్రామమునకు కట్టివేయుచున్నదో సూటిగా, సత్యముగా చెప్పవలెను. బ్యాంకు ఖాతాలో నాలుగు దినములకు అప్పుసొమ్ము వేసి చూపుట, దొంగ ఉద్యోగ పత్రము సృష్టించుట వంటి ఉపాయములు దళారులు చెప్పుదురు. మోసము బయటపడినచో ఆ దేశపు ద్వారము యావజ్జీవము మూయబడవచ్చును. ఉస్మాన్‌సాగరు చెంతనున్న చిలుకూరు బాలాజీని జనులు వీసా బాలాజీ యని కొలుతురు. పదునొకండు ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనుట, కోరిక ఫలించిన నూటయెనిమిది చేయుట అచ్చటి వాడుక. ప్రదక్షిణములు మనసునకు ధైర్యము. పత్రములు సరిగా నుండుట మాత్రము భక్తునిపని. దానిని స్వామిపై వేయరాదు.

ఐరోపాకు పోవువారు షెంగెను వీసా అను మాట విందురు. షెంగెను లక్సెంబర్గు దేశమున మొజెల్ నదీతీరమునందలి యొక చిన్న పల్లె. 1985 జూన్ 14న ఆ పల్లెకడ అయిదు దేశములు తమ నడిమి సరిహద్దు తనిఖీల నెత్తివేయుటకు ఒడంబడిక చేసికొన్నవి. 2025 నాటికి ఆ కూటమిలో ఇరువదితొమ్మిది దేశములు చేరినవి. ఒక వీసాతో అన్నిట తిరుగవచ్చును. కాని ఏ నూటయెనుబది దినములను లెక్కించినను తొంబది దినములకు మించి ఉండరాదు. ముప్పదివేల యూరోలకు తక్కువ కాని వైద్య బీమా చూపవలెను. నేపాలు, భూటానులకు మనకు వీసా లేదు. అయినను పాస్‌పోర్టో వోటరు కార్డో చేత నుండవలెను. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న మలేషియా, 2023 డిసెంబరు 1 నుండి ముప్పది దినముల సందర్శనమునకు భారతీయులకు వీసా లేకుండ ప్రవేశము కల్పించినది. ఇట్టి సౌకర్యములు గడువుతో వచ్చునవి. ప్రయాణమునకు ముందు ఆ దేశపు ప్రభుత్వ ప్రకటనయే చూడవలెను గాని, నిరుడు పోయివచ్చినవాని మాటను ప్రమాణముగా గొనరాదు.

ఇక గల్ఫు సంగతి. మన పల్లెలకు ప్రాణసంకటమైనది ఇదియే.

1983 నాటి వలసల చట్టము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాని పాస్‌పోర్టుపై సాధారణముగా వలస తనిఖీ అవసరమను గుర్తు పడును. అట్టివాడు సౌదీ అరేబియా, కువైటు, ఖతరు, ఒమాను, బహ్రయిను, ఎమిరేట్లు మొదలగు పదునెనిమిది దేశములకు కొలువునకు పోవలెనన్న, వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఒప్పందము, జీతము, యజమాని వివరములు అపుడు ప్రభుత్వపు లెక్కలో చేరును. ప్రవాసీ భారతీయ బీమా క్రింద పదిలక్షల రూపాయల రక్షణ కలుగును. అనుమతి గల ఏజెంటు తీసికొనదగిన సేవారుసుము ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించరాదు.

కాని సందర్శనకు పోవువానికి ఈ అనుమతి అక్కఱలేదు. 2007 అక్టోబరు నుండి చెల్లు పాస్‌పోర్టు, వీసా, తిరుగు టిక్కెట్టు ఉన్న చాలును. బంధువులను చూడబోవువారికి ఇది మేలైన సడలింపు. దళారికి ఇదియే దొడ్డిదారి. ముందు విజిట్ వీసా మీద పొమ్ము, పిదప కంపెనీ వీసా చేయింతునని అతడు పలుకును. యువకుడు పొలము కుదువబెట్టి పోవును. ఆ క్షణమునుండి అతడు కాగితముపై కూలివాడు కాడు, చుట్టపుచూపుగా వచ్చినవాడు. ఒప్పందము లేదు గనుక జీతమడుగుటకు ఆధారము లేదు. వలసకూలికి గల బీమా లేదు. పని అనుమతి పొందకుండ పని చేయుటయే ఆ దేశమున నేరము. దినములు తీఱిన పిదప ఎమిరేట్లలో దినమునకు యాభై దిర్హముల జరిమానా. నూఱు దినములకు అయిదువేల దిర్హములు. మన రూపాయలలో లక్షకు పైమాట. అది తీర్చలేక దాగి బ్రతుకువానిని మనవారు ఖల్లివల్లి యందురు. తల్లి మరణించినను రాలేని బ్రతుకది. ఎమిరేట్లు 2018లోను 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇట్టివా రెందఱో ఇండ్లు చేరిరి. క్షమాభిక్షను నమ్ముకొని గడువు మీఱుట మాత్రము వరదను నమ్ముకొని బావి పూడ్చుట వంటిది.

ఈ మోసము నేడు తూర్పుదిక్కునకును ప్రాకినది. థాయిలాండులో కంప్యూటరు కొలువని పిలిచి, సందర్శక వీసాపై రప్పించి, మయన్మారులో బంధించి సైబరు మోసములు చేయించుచున్నారని 2022లో భారత విదేశాంగశాఖ హెచ్చరించినది. ఇచ్చట చిక్కినవారు చదువుకొన్న యువకులు. కావున పట్టా చదివినంత మాత్రమున చాలదు, వీసాయును చదువవలెను. గుర్తుంచుకొనదగిన నియమ మొక్కటే: చూడబోవువానికి సందర్శక వీసా, పని చేయబోవువానికి పని వీసా. తారుమారు చేయుమని చెప్పువాడు హితుడు కాడు.

చిన్నవిగా తోచి పెద్ద చిక్కులు తెచ్చు విషయములు కొన్ని కలవు. పాస్‌పోర్టు గడువు ఇంకను ఆఱుమాసములుండవలెనని పెక్కు దేశముల నియమము. పేరు విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. ఇంటిపేరు గడి ఖాళీగానుండి ఒక్కటే పేరు గల పాస్‌పోర్టుతో విజిట్ వీసాపై వచ్చువారిని అనుమతింపమని ఎమిరేట్లు 2022 నవంబరులో ప్రకటించినవి. పిదప కొంత సడలించినవి. ఇంటిపేరును పొడి అక్షరములుగా వ్రాసికొను అలవాటుగల తెలుగువారు దీనిని గమనింపవలెను. బడి ధ్రువపత్రమున ఒక జన్మతేదీ, ఆధారు కార్డున వేఱొక తేదీ యుండరాదు.

వంటింటి మూటలును చూచి కట్టవలెను. గసగసాలు మనకు మసాలా దినుసు. ఎమిరేట్లు, సౌదీ అరేబియా, సింగపూరు దేశములలో అవి మాదకద్రవ్యముల లెక్కలోనికి వచ్చును. వానిని కొనిపోయినవాడు చెఱసాలకు పోవచ్చును. ఔషధములకు వైద్యుని చీటీ వెంట నుండవలెను. అమెరికా పోవు తల్లులు పచ్చళ్లు, పొడులు తమ సామానులో నున్నవని అధికారికి ముందే చెప్పవలెను. పండ్లు, విత్తనములు, మాంసము దాచి కొనిపోయిన జరిమానా తప్పదు. ఇతరు లిచ్చిన మూటను విప్పి చూడక తీసికొనరాదు.

ఈ గ్రంథాలయము చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. వార్తాపత్రికల బల్ల ప్రక్కన వేఱొక బల్ల యుంచి, ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ జాలములో నమోదైన ఏజెంట్ల జాబితాను, వివిధ దేశముల వీసా నియమములను మాసమున కొకమాఱు ముద్రించి ఉంచవచ్చును. వీసా వచ్చిన ప్రతివాడును సొమ్ము కట్టుటకు ముందే దానిని ఇచ్చటికి తెచ్చి, చదువనేర్చిన ఇద్దఱిచేత మూడు గడులును చదివించుకొన్నచో, కుదువకు పోవు పొలములు కొన్ని నిలుచును. దీనికి పెట్టుబడి లేదు. సాయంకాలమున అరగంట తీరిక చాలును.

పరదేశము చూచుట తప్పు కాదు. చూచిన కన్ను వెలుగు పొందును. అయితే యాత్ర యనగా పోవుట మాత్రమే కాదు, వచ్చుటయు అందులో సగము. ఆ రెండవ సగమును భద్రముగా నుంచుటకు ఇరువదియైదేండ్లుగా అక్షరము నేర్పిన ఈ గ్రంథాలయము ఇకముందును తోడ్పడుగాక. స్వస్తి.