తీసెయ్యమంటే తీసెయ్యాల

(బేస్తవారిపేటలో ఆడవాళ్ల సమావేశంలో ఒక పంతులమ్మ మాట్లాడిన మాటలు)



అన్నలు పోవద్దండి. ఆడోళ్ల ముచ్చటని లేచిపోతే ఎట్లా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయి 49 ఏళ్లలోపు ఉన్న ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నోళ్లే. మగవాళ్ల ఆపరేషనో? నూటికి అరమనిషి కూడా లేడు. కుట్లు లేని చిన్న పని అది. అయినా బల్ల ఎక్కేది మనమే.

పిల్లల్ని ఎప్పుడు కనాలో, వద్దో అనుకునే హక్కు మనకెవరో దానం చేసింది కాదు. సంతాన నిరోధ సౌకర్యాలు ప్రజలకు అందించాలని 1938లోనే బొంబాయి శాసనసభలో తీర్మానం పెట్టించింది బాబాసాహెబ్. ఆయన తరపున పి.జె. రోహం ప్రవేశపెట్టారు. సభ దాన్ని ఓడించింది. కాబట్టి కాపర్ టీ వద్దు, సూది వద్దు అని చెప్పడానికి నేను రాలేదు. పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ బల్ల ఎక్కే పిల్లలకు ఎడం పెట్టుకునే దారి కావాల్సిందే. నేనడిగేది, వేసేముందు చెప్పారా, తీసెయ్యమంటే తీశారా అని.

నా సంగతే వినండి. రెండో కాన్పు ఒక సర్కారు ఆసుపత్రిలో అయింది. బిడ్డ పుట్టిన కాసేపటికే కాపర్ టీ వేశారు. నన్ను అడగలేదు. ఇంటికి పంపేనాడు చీటీ చదివి తెలుసుకున్నా. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే గనక చదువుకోగలిగాను. మా వదిన అయితే లోపల ఏముందో తెలియకుండానే పదేళ్లు మోసేది. తర్వాత ముట్టయితే ఎనిమిది, తొమ్మిది రోజులు. బోర్డు మీద రాయడానికి పిల్లలకు వీపు తిప్పాలంటే భయం, చీర వెనక ఏమైందోనని. తీసెయ్యమని పోతే, "అందరికీ ఇంతే, సర్దుకుంటది" అని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి మా అమ్మను తీసుకపోయి కూర్చుంటే తీశారు.

సర్దుకుంటదన్న మాట అబద్ధం కాదు. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుంది. అయితే మన రాష్ట్రంలో పదిమందిలో దాదాపు ఆరుగురు ఆడవాళ్లు రక్తం తక్కువోళ్లే. మిరపచేలో వంగి కోసేదానికి, పలకల పనిలో రాయి మోసేదానికి ఆరు నెలలు అంటే ఎంత నెత్తురు? ఆ లెక్క ఎవరు వేశారు?

చెప్పకుండా వేసే అలవాటు కొత్తది కాదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూది పెట్టారు, రెండు నెలలకొకటి. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని అక్కడికొచ్చిన పేద ఆడవాళ్లకు చెప్పలేదు. హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన వాళ్లు పోయి నిలదీశారు, ఢిల్లీ సహేలి వాళ్లతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. 2000 దాకా నడిచింది కేసు.

2017 నుంచి ప్రభుత్వం 'అంతర' పేరుతో మూడు నెలల సూది ఉచితంగా వేయిస్తోంది. అది డెపో, నెట్-ఎన్ కాదు, అయినా ఆ వరసదే. మా వాడలో ఒకమ్మాయి వేయించుకుంటే ముట్టు ఆగింది. అత్త "కడుపొచ్చింది" అంటది, పక్కింటామె "చెడురక్తం లోపల పేరుకుంటది" అంటది. స్కానింగులకు కూలిడబ్బులన్నీ పోయినాయి. ఆ సూదితో ముట్టు ఆగిపోవడం, లేదా రోజూ కొంచెం కొంచెం కనపడటం మామూలే. లోపల ఏమీ పేరుకోదు. ఆ ఒక్కమాట ముందే చెప్పుంటే?

ఇంకోటి గట్టిగా గుర్తు పెట్టుకోండి. కాపర్ టీ పడకపోతే తీసెయ్యొచ్చు, తీసినాక త్వరగానే కడుపు నిలుస్తుంది. సూది ఒంట్లోకి పోయినాక వెనక్కి రాదు. మూడు నెలలు భరించాల్సిందే. మానేసినాక కడుపు నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. ఏళ్ల తరబడి వేయించుకుంటే ఎముక కొంత పలచబడుతుంది, మానితే చాలావరకు కోలుకుంటుంది. కాపర్ టీ ఉండగా జ్వరం, పొత్తికడుపు నొప్పి, వాసన వచ్చే తెల్లబట్ట కనపడితే మాత్రం ఒక్కరోజు ఆగొద్దు.

ఈ బుధవారం ఏఎన్‌ఎమ్మమ్మ వచ్చేటప్పుడు సూది వేయించుకున్నోళ్లు, కాపర్ టీ ఉన్నోళ్లు మీ కార్డులు తీసుకుని బడికాడికి రండి. వేసిన తేదీ, మళ్లీ పోవాల్సిన తేదీ నేను రాసిపెడతా. తీయించుకోవాలనుకునేవాళ్లు పేర్లు ఇవ్వండి, అందరం కలిసే పోదాం.