టేపుపై ఒక మాటను దిద్దడం

కాగితంపై తప్పు దొర్లితే కొట్టివేసి పైన సరియైన మాట వ్రాస్తాము. కొట్టివేసినది కూడా క్రింద కనబడుతూనే ఉంటుంది. టేపుపై పాటలోని మాటను దిద్దేటప్పుడు ఆ సౌకర్యం లేదు. పాతది చెరిగితే గాని క్రొత్తదానికి చోటు రాదు.

టేపు వెడల్పును సమాంతరమైన ట్రాకులుగా విభజించి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ధ్వనిని ముద్రించే యంత్రాలు శ్రోతలకు తెలిసినవే. అమెరికా దేశపు గిటారు విద్వాంసుడు లెస్ పాల్‌కు ఆంపెక్స్ సంస్థవారి ఎనిమిది ట్రాకుల యంత్రం 1957లో అందినది. మామూలు కాసెట్‌పై నాలుగు ట్రాకులు ముద్రించే చిన్న యంత్రాన్ని టాస్కామ్ సంస్థ 1979లో వెలువరించినది. అటువంటిది ఒకటి బంధువుల ద్వారా నాకు లభించగా, 1984లో దానితో కాటారం వెళ్ళినాను. భూపాలపల్లి జిల్లా ఏర్పడినది 2016లో. నాడు కాటారం కరీంనగర్ జిల్లాలోనిది.

అక్కడ ఒక అవ్వ నాట్ల పాట పాడినది. ఆమె గొంతు మొదటి ట్రాకుపై, మరునాడు ఆడవారి వంత రెండవ ట్రాకుపై ముద్రించినాను. వంత పాడినవారు పొలాలకు వెళ్ళిపోయిన తరువాత గాని అవ్వ ఒకచోట మాట తడబడిన సంగతి నా చెవికి తట్టలేదు.

“గా ఒక్క మాటనే మళ్ల పాడాల్నా బిడ్డా? మొదటికెళ్ళి పాడితెనే నాకు యాదికొస్తది” అన్నది. నిజానికి పద్ధతి కూడా అదే. రెండు చరణాల ముందునుండి పాట వినిపిస్తూ గాయకుని తోడుగా పాడనివ్వాలి. తప్పు వచ్చే చోట మీట నొక్కి ముద్రణ ప్రారంభించి, అది దాటగానే ఆపాలి. చెవులకు తగిలించిన గొట్టాలలో తన గొంతే వినబడేసరికి అవ్వ పాట మాని నవ్వసాగినది. మూడవసారికి కుదురుకున్నది.

చిక్కంతా ఆపడంలో ఉన్నది. చెరిపే హెడ్డు ముందు, ముద్రించే హెడ్డు దాని వెనుక ఉంటాయి. రెండింటినీ ఒకేసారి ఆపితే నడుమనున్న టేపు అప్పటికే చెరిగి ఉంటుంది; దానిపై క్రొత్తది ఏదీ పడదు. ఆ దూరం రెండు సెంటీమీటర్లనుకొందాము. సెకనుకు 38 సెంటీమీటర్లు నడిచే పెద్ద టేపుపై ఆ ఖాళీ చెవికి అందకపోవచ్చును. నా యంత్రంలో కాసెట్ నడక సెకనుకు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. అంటే సెకనులో అయిదవ వంతు నిశ్శబ్దం! అందుకే అనుభవజ్ఞులు గాయకుడు ఊపిరి తీసుకొనే చోటనే ఆపుతారు. ముందుగా మరొక టేపుపైకి ప్రతి తీసుకొంటారు. తొందరపాటున నేను ఆ ప్రతి తీయలేదు.

మాట చక్కగా పడినది. సంతోషంతో అవ్వకు వినిపించినాను. ఆమె తల ఊపుతూ విన్నది. దిద్దిన చోటు దాటగానే నావైపు తిరిగినది.

“మాట మంచిగనే ఉన్నది గని, ఆడ నా ఊపిరేది బిడ్డా?”